కోరాపుట్ కొండదారుల్లో తిరిగే బండికి టైరు ఎలా ఎంచుకోవాలి

మన వైపు ఎక్స్‌పల్సో హిమాలయనో, అలాంటి మట్టిదారి బైకు కొన్న వాళ్లు నెల తిరక్కుండానే అడిగే మాట ఒకటే, బటన్ టైర్లు, అంటే రబ్బరు దిమ్మలు విడివిడిగా పైకి పొడుచుకొచ్చి ఉండేవి, వేయించేయమంటావా అని. జయపురంలో అడిగినా, రాయగడలో అడిగినా, పర్లాకిమిడి నుంచి ఫోన్ చేసి అడిగినా నేను ముందు ఒక కాగితం తీసుకోమంటాను. టైరు బొమ్మ చూసి కొనకండి, బండి మీద ఎలా కనిపిస్తుందో ఊహించుకుని అసలే కొనకండి.

మొదటి పని: మీ కిలోమీటర్లు రాసుకోండి

గత నెల రోజుల్లో బండి ఎక్కడెక్కడ తిరిగిందో, ఏ దారిలో ఎన్ని కిలోమీటర్లో రాయండి. తారు ఎంత, మొరం ఎంత, బురద ఎంత, రాళ్లెంత అని నాలుగు గళ్లు చాలు. నేను పంపుసెట్ల రిపేరు పని మీద తిరుగుతాను, నా లెక్క చెబుతాను చూడండి. నెలకు దాదాపు 1,100 కిలోమీటర్లు. అందులో 800 తారే, జయపురం నుంచి బొరిగుమ్మ, కోరాపుట్, అప్పుడప్పుడు పొట్టంగి మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు. ఒక 220 కుంద్ర, బైపారిగుడ లోపలి ఊళ్ల ఎర్ర మొరం దారులు. బురద, ఏటి గులకరాళ్లు, పొలం గట్లు అన్నీ కలిపితే మిగిలిన 80. కానీ ఎవరైనా వచ్చి నువ్వు ఎలాంటి దారుల్లో తిరుగుతావు అని అడిగితే నా నోట ముందు వచ్చేది ఆ 80 కిలోమీటర్ల సంగతే, ఎందుకంటే చెమట పట్టింది అక్కడ, గుండె దడదడలాడింది అక్కడ. టైరు కొనేటప్పుడు అందరం చేసే పొరపాటు ఇదే, గుర్తున్న దారికి కొంటాం, తిరిగే దారికి కొనం. అందుకే కాగితం.

టైర్లకు 80/20, 50/50, 20/80 అని ఒక లెక్క చెబుతారు. మొదటి అంకె తారుకు, రెండోది మట్టికి. ఇది కంపెనీలు, బండి నడిపేవాళ్లు అందాజుగా వాడే మాట మాత్రమే, ఏ ప్రభుత్వ కొలతా కాదు, ఒక కంపెనీ 50/50 అన్నది ఇంకో కంపెనీ దగ్గర 60/40 అవ్వచ్చు. అయినా మీ కాగితాన్ని పక్కన పెట్టుకుని చూస్తే ఏ గుంపులో వెతకాలో తెలుస్తుంది. మెట్జెలర్ టూరాన్స్ లాంటివి తారు వైపు మొగ్గుతాయి, పిరెల్లి ఎంటీ 60 మధ్యలో ఉంటుంది, కాంటినెంటల్ టీకేసీ 80, మిషెలిన్ అనాకీ వైల్డ్ లాంటివి రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉండీ మట్టి వైపు గట్టిగా మొగ్గే బటన్ టైర్లు. వాటికి ఆవల పూర్తి మోటోక్రాస్ టైర్లు, అంటే మట్టి పందేలవి, ఉంటాయి, పక్క గోడ మీద ఇది హైవే మీద వాడకానికి కాదు అని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. ఆ రాత ఉన్నది మాత్రం రోజూ నడిపే బండికి వేయించకండి, ఎంత చవగ్గా వచ్చినా సరే.

రెండో పని: ముందు ఘాట్ గురించి ఆలోచించండి

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న సంగతి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నాలుగేళ్ల కిందట జూన్ మొదట్లో, వానలు వస్తున్నాయి కదా బురదకు పనికొస్తాయని, ముందూ వెనకా పొడుగు బటన్లు ఉన్న టైర్లు వేయించాను. దుకాణంలో చెప్పింది, ఇవి ఎక్కడైనా పట్టేస్తాయి అన్నా అని. లోపలి ఊళ్లలో నిజంగానే పట్టేశాయి, పది రోజులు సంతోషంగా తిరిగాను. పదకొండో రోజు సాలూరు వెళ్తూ ఘాట్‌లో సన్నటి తుంపర, వంపులో మామూలుగా బ్రేకు పట్టాను, ముందు చక్రం నా కింద నుంచి వెళ్లిపోయింది. భుజం ఎముక విరిగింది. వెనక వస్తున్న లారీ డ్రైవరు ఆపగలిగాడు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

ఎందుకలా అవుతుందో తెలిస్తే టైరు ఎంపిక సగం అయిపోయినట్టే. మట్టిలో బటన్ లోపలికి దిగుతుంది, దిగి ఆ మట్టి గోడను వెనక్కి తోస్తుంది, అదే పట్టు. తారులోకి దిగడానికి ఏమీ లేదు. అక్కడ పట్టంతా రబ్బరు ఎంత మేర తారును తాకుతోందన్న దాని మీదే ఉంటుంది, బటన్ల మధ్య ఖాళీ ఎంత ఎక్కువైతే తాకే రబ్బరు అంత తక్కువ. పైగా బండి వాల్చినప్పుడు పొడుగు బటన్లు వంగి ఊగుతాయి, దాన్ని మీరు హ్యాండిల్‌లో ఒక రకమైన తేలిపోతున్న భావంగా గమనిస్తారు. తడి తారు మీద, అందులోనూ ఎండాకాలమంతా డీజిలు, దుమ్ము పేరుకున్న తారు మీద మొదటి వానకు, ఈ రెండూ కలిస్తే చాలు.

మన కొండ జిల్లాల కష్టం ఏమిటంటే ఒకే రోజు పొద్దున ఘాట్, మధ్యాహ్నం బురద. బురదలో పడితే బట్టలు పాడవుతాయి, ఘాట్‌లో పడితే కింద లోయ, వెనక లారీ. కాబట్టి నా మాట ఇది: ఘాట్ ఎక్కి దిగే పని వారానికి ఒక్కసారి ఉన్నా సరే 50/50 దాటి మట్టి వైపు వెళ్లకండి. మిగతా బురద పనిని గాలి తగ్గించి, నెమ్మదిగా నడిపి చూసుకోవచ్చు, అది ఎలాగో కింద చెబుతాను.

మూడో పని: మీ నేల ఏదో చూసుకోండి

ఎర్ర మొరం దారి. గట్టి నేల, పైన గోళీల్లాంటి సన్న కంకర పొర. జయపురం చుట్టూ లోపలి ఊళ్లవన్నీ ఇంతే. ఇక్కడ పొడుగు బటన్లు పనికిరావు, కింద గట్టి నేలలోకి దిగలేవు కదా. దగ్గర దగ్గరగా, పొట్టిగా, ఎక్కువ సంఖ్యలో ఉన్న బ్లాకులు కావాలి. ఇంకో విషయం చాలామంది తలకిందులుగా అనుకుంటారు: గట్టి నేలకు గట్టి రబ్బరు, మెత్తటి నేలకు మెత్తటి రబ్బరు అని. జరిగేది దానికి వ్యతిరేకం. గట్టి నేల మీద రబ్బరే వంగి ఆ గరుకును పట్టుకోవాలి కాబట్టి మెత్తటి రబ్బరు కావాలి. మెత్తటి బురదలో బటన్ వంగకుండా పారలా దిగాలి కాబట్టి గట్టి రబ్బరు, దూరం దూరంగా ఉన్న పొడుగు బటన్లు కావాలి.

వానాకాలం ఎర్ర బురద. ఇది జిగట. టైరు బ్లాకుల మధ్య ఇరుక్కుని రెండు చుట్లు తిరిగేసరికి టైరు నున్నటి ఎర్ర బంతిలా అయిపోతుంది, అప్పుడు దాని మీద ఏ డిజైను ఉన్నా ఒకటే. కాబట్టి బురద టైరులో చూడాల్సింది బటన్ ఎత్తు కంటే బటన్ల మధ్య ఖాళీ, చక్రం తిరిగే వేగానికి మట్టి ఎగిరి బయట పడిపోయేంత ఖాళీ. ముందు మడ్‌గార్డు టైరుకు దగ్గరగా ఉన్న బండ్లలో మట్టి ఇరుక్కుని చక్రమే ఆగిపోతుంది, అలాంటి బండికి ఎంత ఖరీదైన బురద టైరు వేసినా లాభం లేదు, ముందు మడ్‌గార్డు ఎత్తు సంగతి చూసుకోండి.

ఏటి గులకరాళ్లు, రాతి మెట్లు. రామగిరి నుంచి గుప్తేశ్వరం వైపు శబరి ఒడ్డున, దేవమాలి చుట్టుపక్కల కొండ వాలుల్లో ఇవే. రాయి మీద డిజైను కంటే టైరు పక్క గోడ బలం ముఖ్యం. వేలితో పక్క గోడను నొక్కి చూడండి, చవక టైరు సులువుగా లోపలికి పోతుంది. పదునైన రాయి ఎప్పుడూ కోసేది అక్కడే. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, పైదాకా చాలా దూరం రోడ్డు ఉంది కాబట్టి దాని కోసమని ప్రత్యేకంగా టైర్లు మార్చనక్కర్లేదు. అక్కడ గడ్డి వాలుల మీదికి బండి ఎక్కించకండి, చుట్టూ చోడి చేల గట్ల మీద కూడా. ఒక్క వానాకాలంలో ఆ చక్రపు గాడి కాలువ అయిపోతుంది, నష్టపోయేది చేను వాళ్లు.

ఇసుక గురించి ఎక్కువ చెప్పను, మనకు ఏటి మలుపుల్లో యాభై, వంద మీటర్లకు మించి తగలదు. దాని కోసం టైరు కొనొద్దు. గాలి తగ్గించండి, బరువు వెనక్కి వేయండి, యాక్సిలరేటర్ వదలకండి, అంతే.

నాలుగో పని: మీరు నడిపే తీరు

ఒకే బండి, ఒకే దారి, అయినా ఇద్దరికి రెండు టైర్లు సరిపోవచ్చు. వెనక భార్యనో పిల్లలనో కూర్చోబెట్టుకుని, సంత రోజు బస్తా కట్టుకుని నడిపే వాళ్లకు తారు వైపు మొగ్గే టైరే మంచిది, బరువుతో ఉన్న బండి బటన్ టైర్ల మీద బ్రేకు పడితే ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. కాలి పెడళ్ల మీద నిలబడి, వెనక చక్రాన్ని జార్చుకుంటూ నడపడం వచ్చిన వాళ్లు మట్టి టైరును వాడుకోగలరు. ఈ మధ్యే నేర్చుకుంటున్న వాళ్లు మాత్రం మొదటి ఏడాది కంపెనీ వేసి ఇచ్చిన టైర్లతోనే తిరగండి. బండి ఎప్పుడు జారుతుందో, జారితే శరీరం ఏం చేస్తుందో వాటి మీదే తెలుసుకోవాలి. ఎక్కువ పట్టున్న టైరు ఆ హెచ్చరికను దాచేస్తుంది.

వేగం కూడా చూసుకోండి. రాయగడ నుంచి విజయనగరం దాకా గంటకు 80, 90 మీద పోయే వాళ్లకు బటన్ టైరు హోరు, హ్యాండిల్ వణుకు గంటలో తలనొప్పి తెప్పిస్తాయి. మధ్య వరస బటన్లు తారు మీద త్వరగా అరిగిపోతాయి కూడా. నా దగ్గర వెనక బటన్ టైరు 6,000 కిలోమీటర్లకే నున్నగా అయింది, మధ్యరకం టైరు 14,000 దాటినా ఇంకా పనికొచ్చింది.

డబ్బు ఒక్క టైరుకే ఉంటే ముందుది మార్చండి. అందరూ వెనకది మారుస్తారు, అరిగింది కంటికి కనిపించేది అదే కాబట్టి. వెనక చక్రం జారితే సర్దుకోవడానికి క్షణం దొరుకుతుంది, ముందుది జారితే నేల మీద ఉంటారు.

ఐదో పని: పక్క గోడ మీది రాత చదవండి

ఎక్స్‌పల్స్ 200 4వీకి ముందు 90/90-21, వెనక 120/80-18. పాత హిమాలయన్ 411కి ముందు అదే 90/90-21, వెనక 120/90-17. కొత్త 450కి వెనక 140/80-17. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. వెడల్పు టైరు వేస్తే పట్టు పెరుగుతుందన్న నమ్మకం మన దగ్గర బాగా ఉంది. బురదలో సన్న టైరు కోసుకుంటూ కింది గట్టి నేలకు దిగుతుంది, వెడల్పుది పైన తేలుతుంది. పైగా రిమ్ముకు మించిన వెడల్పు వేస్తే టైరు గుండ్రం మారిపోతుంది, చైనుకు, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్ముకు ఒరుసుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన సైజు దగ్గరే ఉండండి.

ఆ తర్వాత 54ఎస్ లాంటి రాత ఉంటుంది. 54 అంటే ఆ టైరు 212 కేజీలు మోయగలదు, 62 అంటే 265 కేజీలు. అక్షరం వేగానికి: ఎం అంటే గంటకు 130, పి అంటే 150, క్యూ అంటే 160, ఎస్ అంటే 180 కిలోమీటర్లు. సామాను కట్టుకుని తిరిగే వాళ్లు వెనక టైరు బరువు అంకె కంపెనీ టైరు కంటే తగ్గకుండా చూసుకోవాలి.

ఇంకొకటి, తయారీ తేదీ. చిన్న గుండ్రని గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం. మన ఊళ్లలో 21 అంగుళాల టైర్లు రోజూ అమ్ముడుపోవు, దుకాణంలో పైన కట్టి ఉంటాయి, ఎండా దుమ్మూ తింటూ. నాకొకసారి కొత్తదని ఇచ్చిన టైరు ఇంటికి తెచ్చి చూస్తే ఐదేళ్ల కిందటిది, బటన్ల మొదట్లో సన్న పగుళ్లు. అప్పటి నుంచి డబ్బు ఇచ్చే ముందే సెల్‌ఫోన్ లైటు వేసి ఆ అంకెలు చదువుతాను. మీరూ అడగడానికి మొహమాటపడకండి. రెండేళ్లు దాటితే నేనైతే తీసుకోను.

స్ప్లెండరో షైనో నడిపే వాళ్లు ఇది తమకు కాదనుకోవద్దు. మన లోపలి ఊళ్లకు బస్తాలు, పాల క్యాన్లు, మందులు మోసేవి ఆ బండ్లే. మీ 18 అంగుళాల రిమ్ముకు వెనక కాస్త లోతైన బ్లాకులున్న మధ్యరకం టైరు అదే సైజులో దొరుకుతుంది, ముందు గీతల టైరు కంపెనీదే ఉంచినా పర్లేదు, అరగకుండా ఉంటే చాలు.

ఆరో పని: ట్యూబా, ట్యూబ్‌లెస్సా

స్పోకుల చక్రాలున్న బండ్లలో చాలావాటికి ట్యూబే ఉంటుంది. పట్నం వాళ్లు దాన్ని లోపంలా చెబుతారు, మన దగ్గర దాని వల్ల ఒక మేలుంది. సెల్ సిగ్నల్ లేని ఊళ్లో కూడా సైకిలు ప్యాచ్ వేసే మనిషి ఒకరు ఉంటారు, ఇక్కడి వాళ్ల మాట దేశియాలో నాలుగు మాటలు కలిపి అడిగితే పని చేసి పంపిస్తారు. ట్యూబ్‌లెస్‌లో చిన్న మేకు దిగితే ఐదు నిమిషాల్లో ప్లగ్ వేసుకోవచ్చు, అది సుఖమే, కానీ రాయికి రిమ్ము వంగితే గాలి నిలవదు, అప్పుడు ట్యూబు వేయాల్సిందే. ట్యూబ్ బండి వాళ్లు 21 అంగుళాల మంచి ట్యూబు ఒకటి సంచిలో పెట్టుకోండి. వెనక పంక్చరైనా దాన్నే మడత పడకుండా సర్ది వేసి నెమ్మదిగా ఇల్లు చేరవచ్చు, ఇల్లు చేరాక సరైనది వేయించండి.

ఏడో పని: బిగించేటప్పుడు దగ్గర ఉండండి

టైరును కాసేపు ఎండలో పెట్టండి, మెత్తబడి రిమ్ములోకి సులువుగా ఎక్కుతుంది. పక్క గోడ మీద బాణం గుర్తు చూసి చక్రం తిరిగే వైపుకు వేయించండి, కొన్నిటికి ముందుకొక బాణం, వెనకకొక బాణం ఉంటాయి, ముందు చక్రానికి బ్రేకు పట్టు ముఖ్యం, వెనక చక్రానికి తోపు ముఖ్యం కాబట్టి. టైరు లోపల టాల్కం పౌడరు చల్లించండి, ట్యూబు అంటుకోదు. గాలి కొట్టాక రిమ్ము అంచున ఉండే సన్న గీత చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి, ఒకచోట లోపలికి పోయి ఉంటే గాలి తీసి సబ్బునీళ్లు రాసి మళ్లీ కొట్టించండి. వాల్వు నట్టును రిమ్ముకు బిగించొద్దు, పైకి టోపీ దగ్గరకు వదిలేయండి. గాలి తక్కువ ఉన్నప్పుడు టైరు రిమ్ము మీద జరిగితే వాల్వు ఒరుగుతుంది, నట్టు వదులుగా ఉంటే అది కంటికి కనిపిస్తుంది, బిగించి ఉంటే కనిపించకుండానే మొదట్లో తెగిపోతుంది.

మొదటి 150 కిలోమీటర్లు ఒంపుల్లో బండి ఎక్కువ వాల్చకండి, గట్టి బ్రేకు పట్టకండి. కొత్త రబ్బరు మీద నున్నదనం పోవాలి.

ఎనిమిదో పని: గాలి

టైరుకు పెట్టిన డబ్బులో సగం ఫలితం గాలిలోనే ఉంది, అది మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఒక చిన్న గేజి, ఒక కాలి పంపు కొనండి. బండి నడపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

తారు మీద మాన్యువల్‌లో ఉన్న అంకె పెట్టండి. మొరం దారి పది కిలోమీటర్లకు మించి ఉంటే 160 కేజీల ఎక్స్‌పల్స్ లాంటి బండికి నేను ముందు 20 పౌండ్లు (పీఎస్‌ఐ), వెనక 22 పెడతాను. పూర్తి బురదకు 17, 18. హిమాలయన్ 200 కేజీలకు దగ్గర, దానికి రెండు మూడు కలుపుకోండి. ట్యూబుతో, రిమ్ లాక్ (టైరు రిమ్ము మీద జరగకుండా పట్టి ఉంచే బిగింపు) లేకుండా 15 కిందికి ఎప్పుడూ దిగొద్దు. గాలి తగ్గితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, ఎక్కువ బటన్లు ఒకేసారి పనిచేస్తాయి, మధ్యరకం టైరు కూడా బురదలో ఆశ్చర్యపోయేంత పట్టు ఇస్తుంది. ఘాట్ కోసం 50/50 దగ్గర ఆగమన్నది ఈ ధైర్యంతోనే.

రాళ్ల దారిలో మాత్రం ఇది చెల్లదు. గాలి తక్కువ ఉన్న టైరు రాయికి తగిలితే రిమ్ము అంచుకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి, పాము కాటులా. గులకరాళ్ల ఏరు దాటే ముందు మూడు నాలుగు పౌండ్లు పెంచుకోండి. మళ్లీ తారు ఎక్కగానే పూర్తి గాలి కొట్టండి, ఊరు ఎంత దగ్గరగా ఉన్నా సరే. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు లోపల వేడెక్కి పాడవుతుంది, ఘాట్ వంపులో బండి మీ మాట వినదు.

ఆ తర్వాత వారానికొకసారి, సంతకు పోయే ముందు రోజనుకోండి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ చూడండి. ముందు టైరు బటన్ల ఒక అంచు పదునుగా, రెండో అంచు అరిగి రంపం పళ్లలా కనిపిస్తే గాలి తక్కువతో తారు మీద నడుస్తున్నారని లెక్క. బటన్ మొదట్లో చీలిక ఉంటే గోరు పెట్టి చూడండి, గోరు దిగితే ఆ టైరును ఘాట్‌కు తీసుకెళ్లకండి. స్పోకులను స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటి తట్టండి, వదులైనది మొద్దుగా మోగుతుంది. వానాకాలం మొదలవ్వడానికి రెండు వారాల ముందే టైరు మార్చుకుంటే ఎండిన రోడ్డు మీదే ఆ 150 కిలోమీటర్లు అయిపోతాయి, అంటే మే నెలాఖరు. ఈసారి నేను పెట్టుకున్న తేదీ కూడా అదే.